నిలవడ్డ లారీ

“గాడనే నిలవడు. గడప దాటినవంటే బాగుండదు, సోమయ్యా.”

“దాటను బావా. పోరి గుంజుకొస్తే వచ్చిన.”

శామీర్‌పేట చెరువు కట్ట కింద గౌరయ్య వాకిలి. తొంభై తొమ్మిదో సంవత్సరం, వానలు వెనకబట్టిన రోజులు. గౌరయ్య చేపల వల ముందేసుకుని కూర్చున్నాడు. తెల్లవారితే అతని తల్లి ఈదమ్మ ఆటో ప్రమాదంలో పోయి ఏడాది. ఆ ఆటో తోలింది గడప అవతల నిలబడ్డ సోమయ్య, గౌరయ్య చెల్లెలి మొగుడు. పక్కన సోమయ్య కూతురు శైలజ. సోమయ్య భార్య రుక్కమ్మ ఏడాదిగా అన్న ఇంట్లోనే, ఆ మూసిన తలుపు వెనక ఉంది.

“ఎందుకొచ్చినవో జెప్పి పో. వల కుట్టుకోవాలె నేను.”

“రేపు అత్త ఏడాది గదా బావా.”

“మా యమ్మది. నీకు అత్త గాదు. ఆ మాట నీ నోట్లెకెళ్లి రావద్దు.”

“మామా, జర మెల్లగ. అమ్మ లోపలున్నది.”

“ఉంటది. ఏడాది సంది గా అర్రలనే ఉన్నది. నేనాపిన్నా? అడుగు నీ నాయినను. వీడు గడప కాడికి రాంగనే జెప్పిన, ‘చెల్లే, నీ పెనిమిటి వచ్చిండు’ అని. చప్పుడున్నదా? నువ్వు గూడ ఇన్నవా సోమయ్యా?”

“ఇన్న.”

“మొఖం సూడ మనసు లేదు దానికి. ఇంత బువ్వ గూడ సక్కగ తింటలేదు. నీ తానికెళ్లి ఎవలు వచ్చినా ఒక్కటే అడుగుతది. ‘ఆయన మాట మార్చిండా అన్నా?’ అని. మార్చలేదంటే పెద్దగ ఊపిరి ఇడుస్తది, అటు తిరిగి పండుకుంటది.”

“గట్ల అడుగుతదా?”

“అడుగుతది. నీకు సిగ్గు రావాలె. సచ్చింది దాని తల్లి. తోలింది దాని మొగడు. ఆ మొగడు ఏడాది సంది అబద్ధం మీద కూసున్నడు, కోడి గుడ్ల మీద కూసున్నట్టు.”

“అబద్ధం గాదు.”

“మల్ల!”

“లారీ ఆగి ఉండె బావా.”

“నీ లారీ మీద మన్నువడ! రేపు కులపోళ్ళందరు వస్తరు. గండయ్య పెద్దమనిషికి జెప్పి పెట్టిన. బువ్వలు తిన్నంక అందరి నడుమల నిలవడి ఒక్క మాట జెప్పు. ‘లారీని నేను సూడలే, అది ఆగి ఉండెనని అబద్ధమాడిన’ అను. గంతే. దండుగ లేదు, కాళ్ళు మొక్కుడు లేదు. నీ పెండ్లాన్ని బట్టల మూటతోని నేనే బస్సెక్కిస్త.”

“చెప్పకుంటే?”

“తెగదెంపులు. రేపే. నీ తొవ్వ నీది, దాని తొవ్వ దానిది.”

“మామా, గిదేం న్యాయం? చెయ్యని దానికి ఒప్పుకోమంటవా?”

“నువ్వు నడుమల రాకు పోరీ. నీ నాయిన చెయ్యనిదేంది? పొద్దుగాల కల్లు తాగి తోలలే?”

“పొద్దుగాల ఎవడన్న కల్లు తాగుతడా బావా? పోలీసాయన గూడ నా నోరు వాసన సూసిండు. ఆ మాట నా మీద వేస్తవా?”

“తాగకుండనే గంత పని జేసినవంటే ఇంకా పాపమే. శామీర్‌పేట కెళ్లి మేడ్చల్ అంగడికి చేపల గంపలు మోసే ఆటోలు ఎన్ని లేవు? ఎవనికన్న గిట్లయిందా? ద్రాక్షతోట చౌరస్తా కాడ పట్టపగలు, పోరలు గూడ సూసి దాటేటి కాడ! నేను ఉరికొచ్చేటాళ్ళకు రోడ్డంత బొచ్చె చేపలు కొట్టుకుంటున్నయ్. చేపలు బతికే ఉన్నయ్ సోమయ్యా. మా యమ్మ లేదు.”

“యాదికి తేకు బావా.”

“తలకాయ దించుకుంటే అయిపాయెనా? తోట మోటరు కాడి కుర్మయ్య కండ్లార సూసిండు. లారీ గుట్ట దిక్కు కెళ్లి ఒక్క తీరుగ వచ్చింది, ఏడ ఆగలే అన్నడు. లారీ తోలినోడు గదే అన్నడు. పోలీసాయన రోడ్డు మీద టైర్ల మరకలు సూసి గదే అన్నడు. ముగ్గురిది ఒక మాట, నీది ఒక మాట.”

“ఆగి ఉండె. ఎన్కసిరి, మేం ముంగటికి పోయినంక కదిలి ఉంటది.”

“ఆగిన లారీ నువ్వు చౌరస్తల అడుగు వెట్టంగనే గాలి లెక్క వచ్చిందా? దయ్యం తోలిందా దాన్ని?”

“నాకెరుక లేదు. ఆగి ఉండె.”

“మామా, నేను చెప్త. అందుకే నాయినను తోల్కొచ్చిన. కుర్మయ్య తాత చెప్పింది నిజమే. లారీ ఆగలే.”

“ఆఁ! ఇన్నవా సోమయ్యా? కన్న బిడ్డనే జెప్తాంది!”

“శైలా! ఏం మాట్లాడుతున్నవు నువ్వు?”

“ఉండు నాయినా. నువ్వు చెప్పింది గూడ నిజమే.”

“ఎట్ల? ఒక్కటే లారీ ఉరుకుతది, నిలవడ్తది, రెండు ఒక్కపారే జేస్తదా? నన్ను పిచ్చోణ్ణి జేస్తున్నరా తండ్రీబిడ్డలు?”

“మా ఇంటర్ పుస్తకంల ఉన్నది మామా. సాపేక్ష వేగం అంటరు.”

“సాపేక్షమో సారాయో. మేడ్చల్ కాలేజీల చేరంగనే నీకు కొమ్ములొచ్చినయా? పుస్తకంల లారీ మనుషుల మీదికెళ్లి పోయినా నెత్తురు రాదు బిడ్డా.”

“ఆ నెత్తురు మా అమ్మమ్మదే. నాకు కోపం లేదనుకున్నవా? నీ లెక్కనే నేను గూడ ఏడాది నాయినతోని సక్కగ మాట్లాడలే. మొన్న సారు బోర్డు మీద రెండు ఓడల లెక్క చేసిండు. ఎదుటి ఓడ కదలనట్టు కనవడ్తే అది తగిలేటి ఓడ అన్నడు. నాకు మన చౌరస్తానే యాదికొచ్చింది మామా. ఇంటికొచ్చి నాయిన మొఖం చూడలేకపోయిన.”

“శైలా, పా పోదాం. నువ్వు గిది జెప్తవని తెలిస్తే నేను వస్తుంటినా?”

“ఎందుకు నాయినా? నిన్ను అబద్ధాలోడంటున్నరు. కాదని చూపిస్తనంటే పారిపోతవా?”

“నాకు ఎవడు సూపియ్య పని లేదు. లారీ ఆగి ఉండె. గంతే. దానికి పుస్తకం ఎందుకు?”

“ఆగలే నాయినా! ఆగినట్టు కనవడ్డది.”

“ఆగినట్టు గాదు. ఆగింది.”

“కనవడ్డది అంటే నీకేం పోతది?”

“పోతది.”

“ఏం పోతది?”

“నీకెందుకు? పెద్దోళ్ళ నోట్లకెళ్లి మాట గుంజుతున్నవు. నడువు!”

“సూడు, సూడు! బిడ్డ మీద గూడ ఎగురుతున్నడు. దొంగకు దీపం జూపిస్తే గిట్లనే ఉంటది. పోరీ, నువ్వు జెప్పు. నీ నాయినకు వద్దంటే నాకు గావాలె. ఏదీ, ఆగని లారీ ఆగినట్టు ఎట్ల కనవడ్తదో సూపియ్యి. సూపియ్యకుంటే నువ్వు గూడ మల్ల నా గడప తొక్కకు.”

“లే మరి. వల పక్కన వెట్టు.”

“లేచిన.”

“నువ్వు ఆటోవి. ఈ గోడ పొంటి, గిట్ల సీదా వాకిలి కొసకు నడువు. నేను లారీని. బాయి కాడికెళ్లి నీకు అడ్డంగ వస్త, నీ ఎడమ చేతి దిక్కు కెళ్లి.”

“నాతోని బొమ్మలాట ఆడిస్తున్నవు.”

“నడక తగ్గియ్యకు, పెంచకు. నేను గూడ ఒక్క తీరుగ వస్త, నీకంటె జర జోరుగ. నన్నే చూసుకుంట నడువు. నా ఎనక దూరంగ కట్ట మీద కరెంటు స్తంభం ఉన్నది, కనవడ్తాందా?”

“కనవడ్తాంది. నువ్వు దాని ముంగట ఉన్నవు.”

“నడువు మామా!”

“నడుస్తున్న గదా.”

“స్తంభం కాడికెళ్లి జరిగిన్నా?”

“లేదు. స్తంభం ముంగటనే ఉన్నవు.”

“ఇప్పుడు?”

“ముంగటనే ఉన్నవు. జరుగుతలేవు. జర పెద్దగ కనవడ్తున్నవు గంతే... ముంగటనే... ఓయ్! ఆగు పోరీ! భుజం ఇరగ్గొట్టినవు గదనే!”

“మెడ తిప్పినవా మామా?”

“ఆఁ?”

“నన్ను చూసుకుంట నడిచినవు గదా. మొదలు ఎటు చూస్తున్నవో, తగిలేటప్పుడు గూడ అటే చూస్తున్నవు. మెడ తిప్పాల్సి వచ్చిందా?”

“...లే.”

“నేను ఉరికొస్తనే ఉన్న. నీకేమో నిలవడ్డట్టే ఉన్న. నేను ఆగిన్నా?”

“ఆగలే.”

“నువ్వు అబద్ధమాడినవా, స్తంభం ముంగటనే ఉన్నవు అని?”

“ఇది ఏదో గారడి. మల్ల నడుస్త. పో బాయి కాడికి.”

“ఈపారి నడుమల జర మెల్లగ నడువు.”

“నడుస్తున్న... ఇగ మెల్లగయిన... నువ్వు స్తంభం దాటి ముంగటికి జరిగినవు. మెడ తిప్పిన. నా ముంగటికెళ్లి పోయినవు. తగల్లే.”

“గదే మామా. కదిలినట్టు కనవడ్డది తగలది. కదలనట్టు కనవడ్డదే వచ్చి గుద్దుతది.”

“అయిపాయెనా మీ ఆట? శైలా, చాలిగ. ఇంటికి పోదాం.”

“నువ్వు జర ఆగు సోమయ్యా! బిడ్డ నీ తప్పు కడుగుతుంటే నీకు అంత తొందరేంది? పోరీ, ఇది ఎట్లయితది? ఎందుకట్ల కనవడ్తది?”

“గచ్చు మీద కూసో, సుద్దముక్కతోని గీస్త. ముందు ఒకటి చెప్పు. చెరువుల నువ్వు ఆవలి ఒడ్డుకు సీదా తెప్ప తోస్తవు. గాలి ఏమో పక్కకు, అలుగు దిక్కు కొడ్తది. తెప్ప ఎటు పోతది?”

“మూలకు పోతది. అటు గాదు, ఇటు గాదు. గిది చేపపిల్లకు గూడ ఎరుకే.”

“రెండు తోపులు కలిస్తే మూలకు పోయింది. సార్లు దాన్నే సదిశల సంకలనం అంటరు. ఒక బాణం గీసి, దాని కొస కాడ రెండో బాణం తోక వెడితే, మొదటిదాని తోక నుంచి రెండోదాని కొసకు గీసిన గీతనే తెప్ప పోయే తొవ్వ.”

“సరే, గాలి ఉన్నది గాబట్టి తెప్ప మూలకు పాయె. లారీకి గాలేంది?”

“ఆటోనే గాలి.”

“ఏంది?”

“బస్సుల కూసున్నవు. చెట్లు ఎటు ఉరుకుతయ్?”

“ఎన్కకు.”

“చెట్లు ఉరుకుతయా మామా? బస్సుల ఉన్నోళ్ళకు తాము నిలవడ్డట్టు, లోకమంత ఎన్కకు పోతున్నట్టు ఉంటది. ఆటోల కూసున్నోళ్ళకు గూడ అంతే. కాబట్టి ఆటో ఉరుకుడును ఎన్కకు తిప్పి లారీకి తగిలియ్యాలె. ఇగో, ఇది చౌరస్తా. ఇది మన ఆటో. అగో, గుట్ట దిక్కు ఇది లారీ. లారీ బాణం, చౌరస్తా దిక్కు గీసిన. జోరుగ వస్తాంది కాబట్టి పొడుగు. దాని కొస కాడ ఆటో బాణం, ఎన్కకు తిప్పి, పొట్టిగ. ఇప్పుడు తోక నుంచి కొసకు మూలగీత. ఇంకా పొడుగు గుంజుత చూడు. ఏడికి పోతాంది?”

“...ఆటో మీదికే.”

“సీదా. ముంగటికి జరగది, ఎన్కకు జరగది. అటు ఇటు జరిగేదాన్నే మన కన్ను పట్టుకుంటది మామా. సీదా మన మీదికొచ్చేదాన్ని దూరం నుంచి చూస్తే నిలవడ్డట్టే ఉంటది. దగ్గరికొచ్చినంక ఒక్కపారే బుస్సున పెద్దగయితది. అప్పటికి...”

“అప్పటికి అయిపోతది.”

“అవును మామా.”

“చౌరస్తా కాడ జోరు తగ్గియ్యలేదా వీడు? జర మెల్లగయితే లారీ జరిగినట్టు కనవడ్తుండె గదా, ఇందాక నువ్వు జరిగినట్టు.”

“కనవడ్తుండె. నాయిన మెల్లగ కాలేదు. లారీ గూడ కాలేదు. అందుకే గిట్లయింది.”

“ఎందుకు కాలేదు సోమయ్యా?”

“ఆగి ఉన్నదానికి నేనెందుకు మెల్లగయిత?”

“ఆగలేదని నీ బిడ్డ గచ్చు మీద గీసి సూపిస్తాంది గదరా!”

“దాని గీతలు నాకొద్దు. గీతల్ల ఎవలు సావలే. లారీ ఆగి ఉండె!”

“నాయినా, నీకేమైంది? మామ ఒప్పుకుంటున్నడు! ఎవరు చూసినా గట్లనే కనవడ్తదంటే తప్పు నీది కాదని అర్థం. ఎందుకు మొండికేస్తున్నవు?”

“ఎవలు సూసినా?”

“ఎవరు చూసినా. నువ్వు, నేను, సారు, ఎవరైనా. కండ్లు మంచిగున్నోళ్ళెవరైనా ఆగిందనే అంటరు.”

“నువ్వు మెల్లగ మాట్లాడు. గంత గట్టిగ ఎందుకు?”

“గట్టిగనే మాట్లాడనియ్. ఏడాది నేను కుక్క లెక్క మొరిగిన వీని మీద. అంగట్ల మొరిగిన, కల్లు దుకాణం కాడ మొరిగిన. అది వట్టిదే అయితే నలుగురు ఇననియ్. గడప దాటి రా సోమయ్యా. ఇప్పుడు నువ్వు నడువు.”

“నేనెందుకు?”

“నువ్వే గదా సూసింది! లారీ గుట్ట దిక్కు కెళ్లి వచ్చింది. నీకు నిలవడ్డట్టు కనవడ్డది. దేని ముంగట నిలవడ్డది? నాకు పోరి స్తంభం ముంగట నిలవడ్డది. నీకు?”

“ఏముంటది? ఏదో ఉండె.”

“ఏదో అంటే?”

“చెట్టు ఉండె.”

“చెట్టా? ఆ దిక్కు ఒక్క చెట్టు లేదు. అంత దున్నిన చెల్కలు. ఎన్క నల్లరాతి గుట్ట, ఏనుగు పండుకున్నట్టు. గా గుట్ట గూడ కనవడలేదా నీకు?”

“ఏడాది అయింది. యాదికుంటదా?”

“మా యమ్మ మీదికొచ్చిన లారీ. యాదికుండదా? సోమయ్యా, నా దిక్కు సూడు. నువ్వు సూసినవా?”

“లారీ ఆగి ఉండె.”

“నేను అడిగింది గది గాదు. నువ్వు, నీ కండ్లతోని, సూసినవా?”

“ఆగి ఉండెనంటున్న గదా.”

“ఏడాది సంది గిదే. ‘ఆగి ఉండె, ఆగి ఉండె.’ ఠాణాల గదే, పెద్దమనుషుల కాడ గదే. ‘నేను సూసిన’ అని ఒక్కనాడు అనలే నువ్వు. ఇప్పుడు అను. ఇన్నెండ్ల సుట్టరికం, నీ బిడ్డ నెత్తి మీద చెయ్యి వెట్టి అను.”

“బిడ్డను నడుమల తేకు బావా.”

“చెయ్యి వెట్టు నాయినా. నాకేం కాదు. నిజమే గదా.”

“వెట్టను.”

“నాయినా?”

“వెట్టనంటున్న! ఒట్లు, పెట్లు నాతోని గాదు. శైలా, నువ్వు ఆ గీతలు తుడువు.”

“ఆగు, తుడువకు. నాకు ఇప్పుడు యాదికొస్తాంది. పొద్దుగాల గంపలు ఎత్తింది నేనే. ఎనక సగం నిండిపోయినయ్. ఇగ జాగ లేదని నీ సీటు పక్కన, ఎడమ దిక్కు రెండు గంపలు మీదిమీద వెట్టిన. నీ నెత్తి దాక వచ్చినయ్. నువ్వేమన్నవు? ‘బావా, ఇటు ఏం కనవడ్తలేదు’ అన్నవు.”

“నాకు యాది లేదు.”

“నాకున్నది. నేనేమన్ననో గూడ యాదికున్నది. ‘ఏం గాదు తీ, మన ఆటోలన్నీ గట్లనే పోతయ్, అంచుకు కూసున్నోళ్ళు సూసి జెప్తరు, పొమ్మంటె పో’ అన్న. నేనే అన్న సోమయ్యా. నీకు ఎడమ దిక్కు చేపల గంపలే కనవడాలె. లారీ కనవడది.”

“గంపల సందుల కనవడ్డది.”

“రెండు గంపల నడుమల తడి గోనె కుక్కిన నేను, కదలకుండ. సందు లేదు.”

“ఉండె!”

“లేదు! నువ్వు సూడలే. మరి లారీ ఆగి ఉండెనని నీకెట్ల ఎరుక?”

“బావా, ఇగ చాలు.”

“మా యమ్మకు మోకాళ్ళ నొప్పులని ఎన్క సీట్ల నేనే కూసోవెట్టిన. ముంగట, గంపలు పడకుండ పట్టుకొని అంచుకు కూసున్నది...”

“బావా! నేను అబద్ధమాడిన.”

“ఏంది?”

“అబద్ధమాడిన. రేపెందుకు, ఇప్పుడే పిలువు గండయ్యను. నేను లారీని సూడలే. అది ఆగలే. నా అంతట నేనే పోయిన, నాకెవ్వలు పొమ్మనలే. తప్పు నాది, నా ఒక్కనిది. గిదే గదా నీక్కావల్సింది? తీస్కో.”

“ఏడాది గుంజితే రాని మాట, గిప్పుడెట్ల ఉరికొచ్చింది?”

“వచ్చింది గదా! ఇంకేం గావాలె? తెగదెంపులు గూడ జేస్కో. సంతకం వెడ్త, వేలిముద్ర వెడ్త. ఒక్కటి మాత్రం అడగకు. నీ కాళ్ళు మొక్కుత బావా, గా ఒక్క మాట అడగకు.”

“నాయినా, ఇంతసేపు ఆగింది ఆగింది అని కొట్లాడితివి. ఇప్పుడు ఆగలే అంటున్నవు. ఎవరి కోసం?”

“నువ్వు నోర్ముయ్యి! అంత నీతోనే వచ్చింది. ఎవలు సూపియ్యమన్నరు నిన్ను? నిలవడ్డదంటే నిలవడ్డది అనుకొని బతుకుతుంటిమి గదా! ఆ సుద్దముక్క అవతల పారెయ్యి. గీతలు తుడువు. జల్దీ తుడువు, నీళ్ళు వోసి తుడువు!”

“మామా... తలుపు గడియ తీస్తున్నరు.”

“చెల్లే?”

“తుడువకు శైలా. గిటు రా, నాకొక్కపారి మల్ల గీసి సూపియ్యి బిడ్డా. నేను ‘ఆగింది, పో’ అని మీ నాయినకు జెప్పినప్పుడు గా లారీ యాడున్నదో.”